తెల్లవారితే గురువారం

2025 జూన్ 26న మధ్యాహ్నం పన్నెండున్నరకి నా దగ్గర ఇరవై నాలుగేళ్ల క్యాలెండర్ ఉంది. మరో ఐదు నిమిషాలకి లేదు. మధ్యలో నేను చేసిందల్లా రెండు సెల్స్ మార్చడం.

గుంటూరు బ్రాడీపేటలో నాది చిన్న ఫొటో స్టూడియో. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీస్తాం. 2001లో మా బావమరిది అమెరికా నుంచి వస్తూ పామ్ ఎం105 అనే అరచేతి ఆర్గనైజర్ తెచ్చిపెట్టాడు. సిమ్ లేదు, రంగులు లేవు. బూడిద రంగు తెర, దాని కింద పుల్లతో రాసే చోటు, వెనక రెండు ట్రిపుల్ ఏ సెల్స్. అవి నెలా రెణ్ణెల్లు వస్తాయి. అప్పట్నుంచీ నా బుకింగ్స్ అన్నీ అందులోనే. స్మార్ట్‌ఫోన్ కొన్నాక కూడా మార్చలేదు. కస్టమర్ ఎదురుగా కూచుని తారీఖు అడుగుతున్నప్పుడు ఫోన్ తీస్తే ముందు వాట్సాప్ పలకరిస్తుంది, తారీఖు సంగతి తర్వాత. దీంట్లో ఒక మీట నొక్కితే క్యాలెండర్. అంతే, ఇంకేం లేదు.

దాని రాత కూడా వేరు. ఇంగ్లిష్ ‘ఏ’కి అడ్డగీత పెట్టకూడదు, ‘వి’ని తిరగేసినట్టు ఒక్క ఊపులో రాయాలి. రాసి రాసి బ్యాంకు చెక్కు మీద కూడా అలాగే రాస్తున్నానని మా ఆవిడ గోల. తెలుగు లిపి దానికి రాదు. కాబట్టి ఇన్నేళ్ల నా క్యాలెండర్ అంతా ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్న తెలుగే.

ఎం105లో దాచిందంతా కరెంటు ఉన్నంతసేపే ఉంటుంది. సెల్స్ తీస్తే నిమిషంలోపు కొత్తవి పెట్టెయ్యాలి. ఈ సంగతి దానితో వచ్చిన పుస్తకంలోనే ఉంది, నాకూ తెలుసు, వందసార్లకి పైనే మార్చి ఉంటాను. ఆ రోజు మాత్రం కొత్త ప్యాకెట్ చింపకుండానే పాతవి రెండూ లాగేశాను. అట్టకి ప్లాస్టిక్ అంటించిన ఆ ప్యాకెట్లు గోళ్లకి లొంగవు. కత్తెరేమో ఆల్బమ్‌ల గదిలో ఉంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. చీకట్లో తడుముకుని కత్తెర పట్టుకుని, ప్యాకెట్ కోసి, సెల్స్ వేసి మీట నొక్కితే తెర మీద ‘వెల్‌కమ్’ అని వచ్చింది.

కొత్తగా కొన్న రోజున అనాల్సిన మాట అది. పుల్లతో ఈ మూల నొక్కు, ఆ మూల నొక్కు, ఏ దేశం, ఈరోజు తారీఖు ఎంత అని అడిగింది. అన్నీ చెప్పి క్యాలెండర్ తెరిచాను. జులై ఖాళీ. ఆగస్టు ఖాళీ. ఎందుకో వెనక్కి 2016 దాకా వెళ్లాను. మా అమ్మాయి పెళ్లి రోజు కూడా ఖాళీగానే ఉంది. కాసేపు దాన్ని అలా చేతిలో పట్టుకుని కూచున్నాను. మా ఆవిడ అన్నానికి పిలిస్తే ఆకలి లేదన్నాను.

కాస్త నయం, ఆ రోజు ఆషాఢం మొదటి రోజు. శ్రావణం జులై 25న మొదలైంది. అంటే 29 రోజులు ముహూర్తాల బెడద లేదు. అదే మాఘమాసంలో జరిగుంటే షాపుకి తాళం వేసుకుని పోవాల్సిందే.

ఈ ఆర్గనైజర్‌కి కంప్యూటర్లో ఒక నకలు ఉంటుంది. క్రేడిల్ అనే స్టాండులో కూచోబెట్టి మీట నొక్కితే రెండూ సరిచూసుకుంటాయి, దాన్ని హాట్‌సింక్ అంటారు. నెలకోసారి చెయ్యాలని నా నియమం. చివరిసారి చేసింది మార్చి 9న. ఆ తర్వాత ఆ పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ ఆన్ కావడం మానేసింది. పెళ్లిళ్ల సీజన్ కదా, తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఆ చూద్దాంలే ఖరీదు ఇప్పుడు తెలిసింది.

జూన్ 27న సీపీయూ పట్టుకుని రిపేరు షాపుకి వెళ్లాను. అక్కడి కుర్రాడు మూత విప్పి, దుమ్ము ఊది, “ఇంకా దీన్నేం చేసుకుంటారు సార్, కాటాకేసెయ్యండి” అన్నాడు. ‘ఫార్మాట్ చేయవద్దు’ అని తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి డబ్బా మీద అంటించి వచ్చాను. మీకూ ఇదే చెప్తాను: నోటితో చెబితే చాలదు, అంటించండి. రేపు రండి, రేపు రండి అని జులై 2న చేతికిచ్చాడు. పాత ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్ లోపల కరెంటు అందించే పెట్టె) 700, మజూరీ 300, బోర్డు మీద గుండీ బ్యాటరీ 40. ఆ బ్యాటరీ మీద సీఆర్ 2032 అని ఉంది. నాకు నవ్వొచ్చింది, ఎందుకో తర్వాత చెప్తాను.

ఆ రాత్రి అన్నం తినేసి కంప్యూటర్ ముందు కూచున్నాను గానీ క్రేడిల్ మీట నొక్కడానికి చెయ్యి రాలేదు. ఇక్కడ ఆర్గనైజర్ ఖాళీగా ఉంది, అక్కడ కంప్యూటర్లో నిండుగా ఉంది. సరిచూసుకునేటప్పుడు ఖాళీనే అసలనుకుని ఉన్నదాన్ని చెరిపేస్తే? హైదరాబాదులో ఉన్న మా మేనల్లుడికి ఫోన్ చేశాను. “ముందు ఆ పామ్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి మావయ్యా, అప్పటిదాకా దేన్నీ ముట్టుకోకు” అన్నాడు. చేశాను, ఒకటి కాదు రెండు పెన్‌డ్రైవ్‌లలో. తర్వాత హాట్‌సింక్ సెట్టింగుల్లో క్యాలెండర్‌కి ‘కంప్యూటర్లో ఉన్నదే ఖాయం, ఆర్గనైజర్‌లో దాన్నే నింపు’ అనే అర్థం వచ్చేది ఎంచుకుని, దేవుడా అని నొక్కాను. చిన్న పిల్లన గ్రోవిలాంటి మోత ఒకటి వస్తుంది మొదలైనప్పుడు. యూజర్ పేరు ఎవరని అడిగింది. లిస్టులో ఉన్న నా పేరే ఎంచుకున్నాను. ఇక్కడ తొందరపడి కొత్త పేరు కొట్టకండి.

పదకొండు నిమిషాలు పట్టింది. తెరిచి చూస్తే 2016 మే నెలలో మా అమ్మాయి పెళ్లి ఉంది. మా ఆవిడని లేపి చూపించాను. “పెళ్లి జరిగిందని నాకు గుర్తుంది లెండి” అని అటు తిరిగి పడుకుంది.

మార్చి 9 దాకా వచ్చేసింది. మార్చి 9 నుంచి జూన్ 26 దాకా రాసుకున్నవి మాత్రం గాల్లో కలిశాయి. అయిపోయిన వాటి గొడవ లేదు. శ్రావణానికి, ఆశ్వయుజానికి, కార్తీకానికి ఈ మూడున్నర నెలల్లో ఒప్పుకున్నవి ఎన్నో నాకే తెలియదు. జులై 3 నుంచి 9 దాకా అదే పని. అడ్వాన్సు రసీదు పుస్తకం కార్బన్ కాగితాల్లో 17 దొరికాయి. రసీదు లేకుండా ఫోన్లో డబ్బులు కొట్టినవాళ్లవి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మరో ఐదు. రసీదు మీద డబ్బు తీసుకున్న తారీఖు ఉంటుంది గానీ పెళ్లి తారీఖు ఉండదు. ఇరవై నాలుగేళ్లలో ఆ గడి పెట్టాలని తోచనేలేదు. ఇప్పుడు కొత్త పుస్తకాలు అచ్చు వేయించాను, అందులో పెట్టించాను.

ఇక ఫోన్లు. “మీ పెళ్లి ఎప్పుడండీ?” అని పెళ్లివాళ్లని ఫొటోగ్రాఫర్ అడిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. మొదటి ఫోన్లో నిజం చెప్పేశాను. అవతల పెళ్లికూతురి తండ్రి కాసేపు మాట్లాడలేదు. తర్వాత “మీరు వస్తారా రారా అండీ?” అన్నాడు. రెండో ఫోన్ నుంచి దారి మార్చాను. “శుభలేఖ అచ్చయితే ఒకటి వాట్సాప్‌లో పెట్టండి, ఆల్బమ్ మొదటి పేజీకి కావాలి.” అందరూ సంతోషంగా పంపించారు. అబద్ధమేం కాదు, నిజంగానే వాడతాం.

ఏప్రిల్ 19న వచ్చిన 5,000 ఒక్కటి ఎవరిదో తేలలేదు. ఆ పేరు గుర్తు రాదు, నంబరు స్విచాఫ్. జులై 19 దాకా రోజూ పొద్దున్నే అదే ఆలోచన. ఆ రోజు వాళ్లే చేశారు, అక్టోబరులో షష్టిపూర్తి అట, డబ్బు కొట్టింది దుబాయిలో ఉన్న అల్లుడు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. శుభలేఖలు వచ్చాక వాటిని ఆర్గనైజర్‌లో ఎక్కించడం ఎవరికైనా చేతనవుతుందనుకుంటారు. కాదు. ఒక కార్డు మీద ఇలా ఉంది: ఆగస్టు 13 బుధవారం రాత్రి 2.47 నిమిషాలకు, తెల్లవారితే గురువారం. తెనాలి పెళ్లి. మన లెక్కలో రోజంటే సూర్యోదయం నుంచి సూర్యోదయం దాకా. పంతులు గారు పెట్టిన ముహూర్తం బుధవారానిదే. యంత్రానికి అర్ధరాత్రి పన్నెండు దాటితే గురువారం, 14వ తారీఖు. పైగా ఎం105లో ఒక పని అర్ధరాత్రిని దాటడానికి వీల్లేదు. రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా అని రాద్దామంటే ఒప్పుకోదు.

2002లో దీనికి ఒకసారి బలయ్యాను. రాత్రి ఒంటిగంట ముహూర్తాన్ని యంత్రం చెప్పినట్టే బుద్ధిగా మర్నాటి తారీఖులో రాసుకుని, ఆ మర్నాటి సాయంత్రం కెమెరాలు వేసుకుని పెదకాకాని దగ్గర ఊరికి వెళ్లాను. పందిరి విప్పుతున్నారు. అరటి బోదెలు గోడకి ఆనించి ఉన్నాయి. పెళ్లికూతురి మేనమామ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఒక్కమాట అనలేదు, కుర్చీ వేయించి మజ్జిగ ఇప్పించాడు. అడ్వాన్సు తిరిగిచ్చి, ఊళ్లో ఎవరో మామూలు కెమెరాతో తీసిన రీలు తీసుకొచ్చి ఊరికే కడిగిచ్చాను.

అప్పట్నుంచీ నాదొక పద్ధతి. అర్ధరాత్రి దాటిన ముహూర్తమైతే, ముందు రోజు తారీఖులోనే, మేం బయల్దేరే సాయంత్రం నాలుగు గంటలకి రాస్తాను. పక్కన ఇంగ్లిష్ ‘టి’ పెట్టి ముహూర్తం టైము. టి అంటే తెల్లవారితే. ‘టి 2.47 తెనాలి’. టైము వేయకుండా ఉత్త తారీఖుకి రాసుకుని అలారం పెడితే కుదరదా అని మీకనిపించొచ్చు. నేనూ చేసి చూశాను. టైము లేనివాటికి ఇది అలారం మోగించదు, ఐదు నిమిషాల ముందు అని పెడితే ముందు రాత్రి 11.55కి తెర మీద చప్పుడు లేకుండా ఒక మాట చూపించి ఊరుకుంటుంది. నిద్రపోయేవాడికి దానివల్ల ఏం లాభం?

ఈ పద్ధతితో ఇరవై మూడేళ్లు ఒక్క పెళ్లి తప్పలేదు.

ఇదంతా ఫోన్లోకి మార్చెయ్యమని ఇంట్లో పోరు మొదలైంది. నాకూ ఒక కారణం ఉంది. మేం పెళ్లి తీసిన జంటలకి పెళ్లిరోజున ఫోన్ చేయడం నా అలవాటు, ఇరవై ఐదో ఏడాదికి మళ్లీ ఫొటోలు తీయించుకోమని అడుగుతాను, సగం మంది తీయించుకుంటారు. పొన్నూరు జంటొకటి 2007లో పెళ్లి చేసుకుంది. వాళ్ల ఇరవై ఐదు 2032లో. ఎం105 క్యాలెండర్ 2031 డిసెంబరు 31తో అయిపోతుంది. దాని లెక్క 1904లో మొదలు, ఏడాదికి కేటాయించిన చోటులో 128 అంకెలే పడతాయి, అంతకుమించి పోదు. సీఆర్ 2032 చూసి నవ్వింది అందుకే. రూపాయి నాణెమంత బ్యాటరీ పేరులో ఉన్న ఏడాది నా క్యాలెండర్‌లో లేదు.

జులై 12, శనివారం మా మేనల్లుడు వచ్చాడు. వాడి లాప్‌టాప్‌కి పాతకాలం తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు లేదు. మా క్రేడిల్ తీగకి ఉన్నదల్లా అదే. వాడు దార్లో విజయవాడలో దిగి ఏలూరు రోడ్డులో మూడు షాపులు తిరిగాడట, ఇప్పుడెవరు వాడతారండీ అన్నారట. నాలుగో షాపాయన మారు మాట్లాడకుండా సొరుగులోంచి యూఎస్‌బీ మార్చే తీగ తీసి, “మీ గుంటూరు యార్డు కాటాల వాళ్లే కొనుక్కెళ్తారు” అన్నాడట. 520 రూపాయలు.

పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ (విండోస్ బదులు వాడే ఆపరేటింగ్ సిస్టమ్) నడిపి, జె-పైలట్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పట్టాడు. రెండుసార్లు ఉలకలేదు. మూడోసారి క్రేడిల్ మీట ముందు నొక్కి ఆ తర్వాత లాప్‌టాప్‌లో నొక్కితే పిల్లన గ్రోవి మోగింది. నాలుగు వేల చిల్లర పద్దులు అటు వచ్చాయి. వాటిని ఫోన్ క్యాలెండర్‌కి అర్థమయ్యే ఫైలుగా మార్చి గూగుల్‌లో ఎక్కించాడు. రాత్రి పది. గొప్పగా తెరిచి చూశాను. పొద్దున 10.15 ముహూర్తం మధ్యాహ్నం 3.45కి ఉంది. 8.20 ఒంటిగంట యాభైకి ఉంది. అన్నీ ఐదున్నర గంటలు జరిగిపోయాయి. పెన్‌డ్రైవ్ మీద నడిచే లినక్స్‌కి గుంటూరు తెలియదు, గడియారం గ్రీనిచ్ టైము లెక్కలో పెట్టుకుంది, దాన్ని మేం చూడలేదు. వాడు ముందుచూపుతో నా మామూలు క్యాలెండర్‌లో కలపకుండా ‘పాతవి’ అని విడిగా ఒకటి తయారుచేసి అందులో ఎక్కించాడు కాబట్టి బతికాం. ఆ ఒక్కదాన్ని తుడిచేసి, టైమ్ జోన్ సరిచేసి, మళ్లీ ఎక్కిస్తే సరిపోయింది. కలిపేసి ఉంటే నాలుగు వేలూ చేత్తో ఏరుకోవాల్సి వచ్చేది.

నేను ఫోన్లో మొట్టమొదట సొంతంగా రాసింది 2032 పొన్నూరు జంట. తెలుగులో రాశాను, ఆ సరదా వేరు.

ఆదివారం పొద్దున నేను కూరగాయలకి వెళ్లొచ్చేసరికి మేనల్లుడు ఇంకో మేలు చేసి పెట్టాడు. శ్రావణంలో ‘టి’ అని ఉన్నవి తొమ్మిది పెళ్లిళ్లు. టైము ఒకచోట, తారీఖు ఇంకోచోట ఉందని, పాపం, వాటిని సవరించాడు. 13 సాయంత్రం నాలుగు కాస్తా 14 తెల్లవారుజాము 2.47 అయింది. “రెండు నలభై ఏడంటే పద్నాలుగే కదా మావయ్యా” అన్నాడు. నిజమే కదా. నాకూ ఆ నిమిషంలో తప్పేమీ తోచలేదు. ఫోన్ అలా అర్ధరాత్రి దాటనిస్తుందని కాస్త ముచ్చట కూడా వేసింది. ఆ క్యాలెండర్‌ని మా కుర్రాళ్లిద్దరి ఫోన్లలోకి కూడా పంపించి, సోమవారం బస్సెక్కాడు.

అలవాటు చావక నేను శుభలేఖలన్నీ ఎం105లో కూడా నా పద్ధతిలోనే రాసుకున్నాను.

ఆగస్టు 11, సోమవారం. వీడియో తీసే అబ్బాయి వచ్చి, “బాబాయ్, బుధవారం సాయంత్రం నాకు సెలవు కావాలి, మా చెల్లెల్ని చూసుకోవడానికి వస్తున్నారు” అన్నాడు. బుధవారం తెనాలి పెళ్లి కదరా అన్నాను. “పెళ్లి 14న కదా బాబాయ్, గురువారం” అని ఫోన్ చూపించాడు. నిజమే, 14 గురువారం గడిలో చుక్క ఉంది. 13 గడి ఖాళీ. డ్రోను అబ్బాయికి ఫోన్ చేస్తే వాడు బుధవారం చిలకలూరిపేటలో వేరేవాళ్లకి ఒప్పుకుని కూచున్నాడు, అదే చుక్క చూసి.

ఒక్కసారిగా మజ్జిగ గ్లాసు గుర్తొచ్చింది.

చెల్లెలి పెళ్లిచూపులు ఆపమని ఎవరంటారు? వీడియోకి మంగళగిరి నుంచి వేరే అబ్బాయిని 4,500కి మాట్లాడాను, డ్రోను లేకుండానే కానిచ్చాం. ఆ సాయంత్రమే కూచుని తొమ్మిదింటినీ మళ్లీ మార్చాను. మొదట 13 సాయంత్రం నాలుగు నుంచి 14 తెల్లవారుజాము ఐదు దాకా ఒకటే పనిగా పెట్టాను. రెండు గళ్లలోనూ కనపడేసరికి కుర్రాళ్లు రెండు రోజుల కూలి అనుకున్నారు. చివరికి మళ్లీ పాత దారే. 13 సాయంత్రం నాలుగు, బయల్దేరడం, పక్కన తెలుగులో ‘తెల్లవారితే గురు 2.47’. మేనల్లుడికి ఇంకా చెప్పలేదు. చెబితే బాధపడతాడు.

ఖర్చు లెక్క: ఎస్ఎంపీఎస్, మజూరీ, గుండీ బ్యాటరీ, తీగ, రెండు ప్యాకెట్ల సెల్స్ 120, కలిపి 1,680. మంగళగిరి అబ్బాయి 4,500 విడిగా.

మొన్న ఆగస్టు 24, భాద్రపదం మొదటి రోజు, ఎం105లో మళ్లీ సెల్స్ మార్చాను. ముందురోజు హాట్‌సింక్ అయింది. ప్యాకెట్ చింపి, కొత్త సెల్స్ రెండూ ఎడమ చేతిలో పెట్టుకుని, తలుపు గడియ వేసి, మనవరాలిని అంకెలు చదవమన్నాను. పదకొండు దగ్గర ఆపింది.